ఉస్తీనా తవ్వించిన కందకం

మే ఏడో తేదీ పొద్దున్నే ఉస్తీనా పొలం గట్టెక్కి, దారి తప్పి వేరే పొలానికి వచ్చానేమో అనుకుంది. వెనక్కి తిరిగి చూసింది. రెక్కలు విరిగిన గాలిమర ఉన్నచోటే ఉంది. లోయ అంచున ముళ్ళపొదలు ఉన్నచోటే ఉన్నాయి. తను నాయకురాలిగా ఉన్న జట్టు పేరు రాసిన చెక్కపలక కూడా గట్టు మీద ఉన్నచోటే ఉంది. పైరు మాత్రం లేదు.

నాలుగు రోజుల కిందట ఇదే గట్టు మీద నిలబడి, సాలు సాలుకూ పచ్చదారం కుట్టినట్టు లేచిన చక్కెర దుంప మొలకలను ఆమె కళ్ళారా చూసుకుంది. మూడు హెక్టార్ల పొలం అది. ఒక్కో మొలకకు రెండేసి ఆకులు, సూదంత కాడ. ఆ సాయంత్రమే గాలి తిరిగి చలివాన పట్టుకుంది. జట్టులో ఆడవాళ్ళందరినీ నది అవతలికి బంగాళదుంపలు నాటడానికి పంపారు. మొన్నటి నుంచీ మళ్ళీ ఎండ విరగ కాసింది. మధ్యలో జరిగింది ఇంతే.

ఆమె పొలంలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుని సాలు వెంట వేలు పెట్టి తడిమింది. మొలక ఉన్నచోట గుండుసూది తలంత మొండెం చేతికి తగిలింది. దాని పక్కన ఇంకొకటి. కొన్నిచోట్ల మొండెం కూడా లేదు. విత్తనం నేల చీల్చుకు రాకముందే మట్టి లోపలే మెడ కొరికేసిన గుర్తు. ఆమె వేలి పక్కన మట్టిపెళ్ళ ఒకటి కదిలింది. కదిలి ఆగిపోయింది. కాళ్ళు ముడుచుకుని, చచ్చినట్టు పక్కకు ఒరిగింది. బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద ఏటవాలుగా నల్లచార, ముందుకు పొడుచుకొచ్చిన మొద్దు ముక్కు. ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన పురుగు, పొడుగుముక్కు.

ఆమె కళ్ళు దానికి అలవాటు పడ్డాక పొలమంతా కదులుతున్నట్టు కనబడింది. అడుగు తీసి అడుగు వెయ్యడానికి సందు లేదు.

వెనకనుంచి మెలాష్కా వచ్చింది. జట్టులో అందరికన్నా గట్టిగా నవ్వేదీ, గట్టిగా తిట్టేదీ ఆమే. భుజం మీద పార పెట్టుకుని ఏదో పాడుకుంటూ వచ్చినది గట్టు మీదే ఆగిపోయింది.

"అక్కా," అంది. "ఇది మనదేనా?"

ఉస్తీనా ఒక మొండెం గిల్లి ఆమెకు చూపించింది.

ఉస్తీనా కళ్ళముందు ఒకటే మెదులుతోంది, కందకం. ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు ఎనిమిదిమంది ఆడవాళ్ళు తవ్విన కందకం అది. పొలం చుట్టూ నాలుగు వైపులా జానెడున్నర లోతు, గోడలు నిట్టనిలువుగా కోసి, పార వెనక్కి తిప్పి అద్దంలా నున్నగా రుద్దారు. పది అడుగులకొకచోట ఇంకా లోతుగా గుంట తీశారు. పొడుగుముక్కులు నిరుడు దుంప పండిన పొలం మట్టిలో చలికాలమంతా పడుకుంటాయి. ఎండ తగలగానే లేచి, కొత్త దుంప వాసన పట్టుకుని, నడుచుకుంటూ వస్తాయి. బాగా కాగిన రోజున తప్ప ఎగరవు. నడిచొచ్చేవి కందకంలో పడతాయి, నున్నటి గోడ ఎక్కలేవు, గోడవెంట నడిచి నడిచి గుంటలో పడతాయి. గుంటలోవాటిని రోజూ బకెట్లకెత్తి నూరి పారేస్తారు. తన తల్లి చేసిన పని అదే, అత్త చేసిన పనీ అదే. జిల్లా మొత్తం మీద ఇంత మంచి కందకం లేదని పత్రికవాళ్ళు వచ్చి ఫోటో కూడా తీసుకెళ్ళారు.

ఆమె లేచి కందకం వెంట పరుగుతీసింది. ఉత్తరం వైపు గోడ కూలలేదు. తూర్పు వైపు కూలలేదు. గాలిమర వైపుకు వచ్చేసరికి కందకం మీద అడ్డంగా ఒక బల్ల పడి ఉంది. రెండు బారల పొడుగు, మూరెడు వెడల్పు. ఇవతలి నుంచి అవతలికి చక్కటి వంతెన.

ఆ బల్ల అవతల గోర్దియ్ తాత బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, ఒంటరి. బంగాళదుంపలకు వంగలేడని కందకం కాపలాకు పెట్టారు. గుంటలు ఖాళీ చెయ్యడం ఆయన పని.

"ఈ బల్ల ఎవరేశారు తాతా?"

"నేనే వేశాను. దూకడానికి నా కాళ్ళేమన్నా మేకపిల్ల కాళ్ళా?"

"ఎన్నాళ్ళయింది వేసి?"

"వారం."

ఆ తరవాత తనేం చేసిందో ఉస్తీనాకు పూర్తిగా గుర్తు లేదు. తాత చొక్కా కాలరు తన రెండు చేతుల్లోనూ ఉండటం గుర్తుంది. బకెట్టు దొర్లిపోయి, అందులో పురుగులు బిలబిలమంటూ పారిపోవడం గుర్తుంది. మెలాష్కా తన నడుం పట్టుకుని వెనక్కి లాగడం గుర్తుంది. తన గొంతు తనకే పరాయిగా వినబడింది.

"వారం రోజులు వంతెన కట్టి దాటించావన్నమాట. దగ్గరుండి తోలుకొచ్చావన్నమాట. ఏ పగవాడు చెప్పాడు నీకు? ఎంత పెట్టాడు? తెలిసే చేశావు నువ్వు, కావాలనే చేశావు."

తాత కాలరు సర్దుకుని, బోర్లాపడ్డ బకెట్టు తీసుకుని, ఆమె మొహంలోకి అదోలా చూశాడు. తప్పు చేసిన మనిషి చూపులా లేదు అది. అది కూడా ఆమెకు కోపమే తెప్పించింది. అప్పటికి పొలం చుట్టూ పాతికమంది పోగయ్యారు. అందరూ విన్నారు.

మర్నాడు పొద్దున నీళ్ళకు వెళితే బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెకు దారి వదిలారు. ఎందుకో అర్థం కాలేదు. మెలాష్కా చెవి దగ్గర చెప్పింది.

"నిన్న సాయంత్రం జిల్లా నుంచి ఎవరో వచ్చాడు. తాతను ధాన్యం కొట్లో పెట్టి తాళం వేశారు. కావాలని పంట పాడుచేశాడని కాగితం రాశారట."

"ఎవరు చెప్పారు కావాలని పాడుచేశాడని?"

మెలాష్కా ఆమెవైపు జాలిగా చూసింది. "నువ్వే చెప్పావు కదక్కా."

ఉస్తీనా కావిడి దించేసింది. నీళ్ళు ఒలికి చెప్పులు తడిసినా కదల్లేదు. కోపంలో మనిషి వంద అంటుంది. మొగుణ్ణి చచ్చిపొమ్మంటుంది, పిల్లను పాడెక్కమంటుంది. అవన్నీ ఎవరైనా రాసుకుంటారా? ఆ కాగితం మీద పడ్డ మనిషి మళ్ళీ ఊరికి రావడం ఆమె చూడలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఖైదీల శిబిరానికి రైలెక్కించాక చలికాలం దాకా కూడా బతకడు.

అక్కడి నుంచి నేరుగా సవ్వా దగ్గరికి వెళ్ళింది. సవ్వా వాళ్ళ బ్రిగేడుకు మేస్త్రి. యుద్ధంలో ఎడమచెయ్యి పోయింది. ఖాళీ చొక్కాచెయ్యిని నడుంపట్టీలో దోపుకుని తిరుగుతాడు. గుర్రపుశాల ముందు కూర్చుని కళ్ళెం బాగుచేస్తున్నాడు. పళ్ళతో తోలుపట్టీ లాగుతున్నవాడు ఆమెను చూసి ఆగాడు.

"అన్నా, కడుపుమంటతో అన్నమాట అది. నువ్వు వెళ్ళి చెప్పు. తాత బల్ల వేసుకుంది నడవడానికే."

"కాలు జారితే తీసుకోవచ్చు ఉస్తీనా, నోరు జారితే తీసుకోలేం."

"సామెతలు తరవాత చెప్పుదువు గాని, లేచి రా."

సవ్వా లేవలేదు. తోలుపట్టీ చూస్తూ అన్నాడు. "మూడు హెక్టార్లు పోయింది. ఎవరో ఒకరిని చూపించకపోతే వాళ్ళు ఊరుకోరు. ఆ ఎవరో ఒకరు నువ్వు కావాలా, నేను కావాలా? పిల్ల ఉంది నీకు. ఇంటికి పో."

సవ్వా అలాంటి మాటలనే మనిషి కాదు. నిరుడు ఊళ్ళో సగంమంది బతికి ఉన్నారంటే అతని పుణ్యమే. అందుకే ఆ మాట ఆమెకు ఎక్కడో దెబ్బ తగిలినట్టయింది.

మధ్యాహ్నం దుంపల పరిశోధన కేంద్రం నుంచి ఒలింపియాదా వచ్చింది. పొట్టి మనిషి, మగవాళ్ళ బూట్లు, భుజాన గుడ్డసంచి. యుద్ధానికి ముందునుంచీ పొడుగుముక్కుల మీదే పనిచేస్తోందని చెప్పుకుంటారు. వచ్చీ రాగానే పొలం చూపించమంది. జిల్లా మనిషి సమష్టి క్షేత్రం చైర్మన్ గదిలో భోజనం చేస్తున్నాడు, కాబట్టి ఉస్తీనాయే తీసుకెళ్ళింది.

ఒలింపియాదా ముందుగా బల్ల దగ్గర కూర్చుంది. చాలాసేపు చూసింది. లేచి నిరుడు దుంప పండిన పొలంవైపు, అంటే కందకం బయటవైపు, పారతో ఒక చదరం గీసి తవ్వింది. మట్టిని చేత్తో నలిపి నలిపి చూసింది.

"రెండు," అంది. "ఇది మామూలే. మీ పాత పొలాన్ని నిరుడు ఆకురాలు కాలంలో బాగా లోతుగా దున్నారు. మంచిపని చేశారు."

తరవాత కందకం దాటి లోపలికొచ్చి, మొలకలు పోయినచోట మరో చదరం గీసింది. మొదటి పెళ్ళ ఎత్తి తిప్పగానే ఉస్తీనా చూసింది. మట్టిలో చిన్నచిన్న గదులు, లోపలంతా వేలితో మెత్తినట్టు నున్నగా ఉన్నాయి. ఒక్కోదాని నుంచి పైకి ఒక సన్నటి దారి. కందిరీగ గూడు విప్పినట్టుంది ఆ పెళ్ళ. ఒక గదిలో ఇంకా ఒక పురుగు కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది.

"పద్దెనిమిది," అంది ఒలింపియాదా. ఇంకొంచెం తవ్వి, "ఇరవై ఆరు," అంది. పార ఆపి ఉస్తీనాను చూసింది. "ఇవి బల్లమీద నడిచి రాలేదు తల్లీ. ఇక్కడే పుట్టాయి."

ఉస్తీనాకు మాట అర్థమైంది గానీ, మనసుకు ఎక్కలేదు. "ఇక్కడ దుంప వెయ్యలేదమ్మగారూ. మూడేళ్ళుగా వెయ్యలేదు. దుంప లేనిచోట అదెలా పుడుతుంది?"

ఒలింపియాదా మట్టిలోంచి ఒక ఎండిన వేరు లాగి ఆమె చేతిలో పెట్టింది. పుల్లలాంటి వేరు, పక్కన చిన్నగా దొలిచిన గాడి. "దీన్ని గుర్తుపడతావా?"

ఉస్తీనా గుర్తుపట్టింది. ఆ కాడను కత్తితో కోసీ కోసీ, తన బొటనవేలు మీద నిరుడు పడిన గాటు ఇంకా ఉంది.

"లొబొదా కలుపు," అంది మెల్లగా.

"చక్కెర దుంపకు అది దగ్గరి చుట్టం. మనకు కనబడదు, పురుగుకు తెలుసు. నిరుడు మేలో అంతకు ముందటి ఏటి దుంపచేలోంచి లేచినవి, దారిలో ఇదే దొరికితే దీని మొదట్లో గుడ్లు పెట్టాయి. పిల్లపురుగులు వేసవంతా వేళ్ళు తిన్నాయి. ఆగస్టుకు మట్టిలోనే రెక్కలొచ్చాయి, కానీ బయటికి రావు, వసంతం దాకా అక్కడే పడుకుంటాయి. ఈ ఏడు లేచేసరికి ఎదురుగా మీ మొలకలు." ఆవిడ కందకం వైపు చూసి, మాట ఆపి, మళ్ళీ అంది. "బయటికి పోయేవి కూడా పోలేకపోయాయి. నాలుగు వైపులా కట్టేశారు కదా."

ఉస్తీనా నేలమీద చతికిలపడింది. పత్రికవాళ్ళు ఫోటో తీసిన కందకం. తొమ్మిది రోజులు అరచేతులు పుళ్ళు పడేలా ఆడవాళ్ళ వెంటపడి, గోడలు ఇంకా నున్నగా, ఇంకా నున్నగా అని తిట్టి చేయించింది. దొంగను లోపల ఉంచి తలుపులన్నీ తనే గడియ వేసుకుంది.

"ఈ లొబొదాను దున్నకుండా ఎవరు వదిలారు?" అని అడిగింది ఒలింపియాదా. అడిగిన వెంటనే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు చెప్పొద్దు. నాకు పురుగు లెక్క చాలు. లోపల ఆ మనిషి మాత్రం అడుగుతాడు. ఏం చెప్పాలో ఈలోగా ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది. వదలమని అడిగింది ఉస్తీనాయే.

నిరుటికి ముందటి ఏడు వాన పడలేదు. పండిన కాస్త గోధుమా సర్కారు వాటా కింద బళ్ళెక్కి స్టేషనుకు పోయింది. వసంతానికి ఊళ్ళో కుక్క అరుపు లేదు, కోడి కూత లేదు. తొమ్మిదేళ్ళ కూతురు ప్రీస్కాకు కాళ్ళు వాచి, వేలు పెడితే గుంటపడి అలాగే ఉండిపోయేది. ఈ పొలంలో పశువుల మేత వెయ్యాలి, విత్తనం రాలేదు. ఖాళీనేల మీద లొబొదా పిచ్చిగా లేచింది. సవ్వా దున్నడానికి నాగలి కట్టించుకుని వస్తే, ఉస్తీనా ఎడ్లకు అడ్డంగా నిలబడింది. "అన్నా, ఒక్క నెల ఆగు. అది మా పొయ్యి మీదికి వస్తోంది." సవ్వా ఎడ్లను వెనక్కి తిప్పాడు. కాగితంలో మేత వేసినట్టు రాసుకున్నాడు. జూలై దాకా ఊరి ఆడవాళ్ళు కొంగుల్లో ఆకు కోసుకెళ్ళి, ఉడకబెట్టి, తవుడు కలిపి రొట్టెలు కాల్చారు. ఆకుపచ్చటి రొట్టెలు, నోట్లో ఇసకలా ఉండేవి. ప్రీస్కా కాళ్ళు మెల్లగా తగ్గాయి. ఆ ఏటి గురించి ఊళ్ళో ఎవరూ పైకి మాట్లాడరు. మాట్లాడకూడదు.

మధ్యాహ్నం మూడింటికి చైర్మన్ గదికి అందరినీ పిలిచారు. జిల్లా మనిషి బల్ల వెనక కూర్చున్నాడు. శుభ్రంగా గీసుకున్న గడ్డం, నిద్రలేని కళ్ళు. పక్కన గుమాస్తా. గోర్దియ్ తాతను తెచ్చి బెంచీ చివర కూర్చోబెట్టారు. ఒక్క రాత్రిలో మనిషి సగమయ్యాడు. సవ్వా కిటికీ దగ్గర టోపీ పట్టుకుని నిలబడ్డాడు. ఉస్తీనా జట్టు గోడవారన నిలబడింది.

ఒలింపియాదా తన లెక్క చదివింది. బయట రెండు, లోపల ఇరవై ఆరు. బల్లకూ దీనికీ సంబంధం లేదని తేల్చి చెప్పింది.

జిల్లా మనిషి విన్నాడు. "మరి లోపల ఎలా పుట్టాయి? నిరుడు అక్కడ మేత పంట కదా. కాగితంలో అలాగే ఉంది." కాగితం తిరగేసి సవ్వావైపు చూశాడు. "మేస్త్రీ, మేతేనా?"

సవ్వా టోపీ అంచు మీద వేలు తిప్పుతున్నాడు. తిప్పుతూనే ఉన్నాడు.

ఉస్తీనా సవ్వానే చూస్తోంది. ఇప్పుడు చెబుతాడు, ఇదిగో ఇప్పుడు చెబుతాడు అనుకుంది. ఎడ్లను తిప్పిన మనిషి, మాట కూడా తిప్పగలడు అనుకుంది. సవ్వా తలెత్తలేదు. "రాసిందే," అన్నాడు చివరికి.

బెంచీ చివర తాత కళ్ళు మూసుకున్నాడు.

"కాదు," అంది ఉస్తీనా.

అన్నాక గానీ అన్నది తనేనని ఆమెకు తెలియలేదు. అందరూ ఆమెవైపు తిరిగారు.

"మేత వెయ్యలేదు. మేత వేశామని మేస్త్రికి నేనే చెప్పాను, ఆయన నమ్మి రాసుకున్నాడు. అక్కడ లొబొదా పెరిగింది. దున్నకుండా నేనే ఉంచేశాను. పురుగు దాన్లో పుట్టింది. తాతకు ఏ పాపమూ తెలియదు. నిన్న నేను అన్నవన్నీ అబద్ధాలు."

"కలుపును కావాలని ఉంచావా? ఎందుకు?"

"కోసుకోవడానికి."

"పశువులకా?"

"అప్పటికి మా ఇళ్ళల్లో పశువులెక్కడున్నాయి కామ్రేడ్?"

గుమాస్తా కలం ఆగిపోయింది. జిల్లా మనిషి మొహంలో రక్తం దిగిపోవడం ఉస్తీనా చూసింది. భయపడాల్సినది తను. భయపడుతున్నది అతను. ఆకలి అని ఆమె ఇంకొక్క మాట అంటే ఆ మాట కాగితం మీద పడుతుంది, కాగితం పైకి పోతుంది, దాని కింద అతని సంతకం ఉంటుంది.

గోడవారనుంచి మెలాష్కా గొంతు సవరించుకుంది. "నేనూ కోసుకున్నాను. నాకైతే రెండు కొంగులు పట్టేది. నా ఒళ్ళు చూస్తున్నారు కదా."

మిగిలిన ఆడవాళ్ళు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఉస్తీనా వాళ్ళను తప్పు పట్టలేదు.

జిల్లా మనిషి గుమాస్తా ముందున్న కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "కొత్త కాగితం తీసుకో. రాయి. జట్టు నాయకురాలి అజాగ్రత్త వల్ల కలుపు తీయలేదు. కలుపులో పురుగు పెరిగింది. నాయకురాలిని తొలగించాము. పదిహేనో తేదీలోగా మళ్ళీ విత్తాలి. అంతే. ఇంకేమీ రాయొద్దు." లేచి టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు. "ముసలాయన ఇంటికి పోవచ్చు."

ఉస్తీనా బయటి మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎండ కాస్తూనే ఉంది. సవ్వా ఆమె పక్కనుంచి దిగి వెళ్ళాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. గుర్రపుశాల వైపు వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే ఆమె ఒక గిన్నెలో బోర్ష్ చారు, గుడ్డలో రొట్టె కట్టుకుని గోర్దియ్ తాత గుడిసెకు వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు.

"తాతా, కొట్టాలనిపిస్తే కొట్టు."

"చేతులు నూనెగా ఉన్నాయి." గిన్నె మూత తీసి వాసన చూశాడు. "ఉప్పు వేశావా, లేక ఏడ్చుకుంటూ వండావా?"

ఆమె అక్కడే నేలమీద కూర్చుంది. తాత నిదానంగా నాలుగు చెంచాలు తాగి, చెంచా పక్కన పెట్టాడు.

"మే ఒకటో తేదీన చూశాను," అన్నాడు. "గుంటల్లో పురుగులు పడుతున్నాయి గదా అని ముందు సంతోషపడ్డాను. తరవాత చూస్తే పొలం వైపు గోడమీద నుంచి పడుతున్నాయి. బయటవైపు గోడ శుభ్రంగా ఉంది. లోపలే లేస్తున్నాయని అప్పుడే అర్థమైంది."

"నీకు ముందే తెలుసా?"

"సవ్వాకు చెప్పాను. వాడు తెల్లబోయాడు. నోరు మూసుకో తాతా, లొబొదా సంగతి బయటికొస్తే నేనూ పోతాను, ఉస్తీనా కూడా పోతుంది అన్నాడు. మూసుకున్నాను. ఏరగలిగినన్ని ఏరాను. రోజుకు నాలుగు బకెట్లు. నడుం పడిపోయింది. నీళ్ళను జల్లెడతో తోడినట్టే అయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఊరికంతా చెప్పినట్టే. నీ గొంతు లోయ అవతలికి వినబడుతుంది. నిన్న వినబడలేదూ?"

"నేను కాలరు పట్టుకున్నప్పుడు... కొట్లో పెట్టి తాళం వేసినప్పుడైనా..."

"ఏం చెప్పమంటావు? నీ పిల్లకు పెట్టిన కూర వల్లే పైరు పోయిందనా?" తాత మళ్ళీ చెంచా అందుకున్నాడు. "ఆ కూర నేనూ తిన్నాను లేవే. నీ పొయ్యి మీదిదే, నువ్వే తెచ్చి ఇచ్చావు. మర్చిపోయావా?"

ఆమె నిజంగానే మర్చిపోయింది. గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఆ నెలల్లో ఎవరికేం ఇచ్చిందో, ఎవరిదగ్గరేం తీసుకుందో ఏదీ గుర్తు లేదు. తాత చారంతా తాగి గిన్నె తుడిచి ఇచ్చాడు.

తరవాతి రెండు వారాలూ ఊరంతా ఆ పొలంలోనే ఉంది. పక్క ఊళ్ళనుంచి బళ్ళమీద కోళ్ళగూళ్ళు తెచ్చి దింపారు. నాలుగువందల కోళ్ళు సాలు సాలుకూ పురుగులు ఏరుకుంటూ తిరిగాయి. వాటి వెనక ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని ఏరారు. మెలాష్కాను జట్టు నాయకురాలిని చేశారు. మొదటిరోజు ఆమె ఉస్తీనాకు పని చెప్పడానికి సిగ్గుపడి, రెండోరోజు నుంచి ఎవరికీ లేనంత గట్టిగా కేకలేసింది. పదమూడో తేదీన మళ్ళీ విత్తారు. అక్టోబరులో తవ్వితే కొన్ని దుంపలు పిడికిలంత, చాలావరకు ఎలుకతోకల్లాంటివి. చక్కెర మిల్లువాడు చూసి తల అడ్డంగా ఊపి తీసుకున్నాడు.

సవ్వాకు, ఉస్తీనాకు మధ్య మాటలు ఆగిపోయాయి. ఎదురుపడితే అతను టోపీ తీస్తాడు, ఆమె తల ఊపుతుంది. ఒక్కోసారి ఆమెకు ఎడ్లను తిప్పిన సవ్వా గుర్తొస్తాడు, ఒక్కోసారి టోపీ అంచు తిప్పిన సవ్వా. ఇద్దరూ ఒకే మనిషి అంటే ఆమెకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

దుంపలు తీసేశాక ఒలింపియాదా మళ్ళీ వచ్చింది. వచ్చే వసంతానికి పురుగు ఎక్కడెక్కడ, ఎంతెంత ఉందో మట్టి తవ్వి లెక్కపెట్టడానికి మనుషులు కావాలంది. ఉస్తీనానే పేరుపెట్టి అడిగింది. ఊరి పొలాలన్నిటా చదరాలు గీసి, మూరెడు లోతు తవ్వి, మట్టి నలిపి చూసే పని. ఉస్తీనాకు ఆ పని ఎందుకో నచ్చింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

నాలుగోరోజున నదివైపు గోధుమ చేలో తవ్వారు. రెండేళ్ళ కిందట అక్కడ దుంప వేశారు. తరవాత రెండుసార్లూ గోధుమే. కలుపు కూడా లేదు, తనే చూసింది. ఏమీ ఉండదనుకుంటూనే నాలుగో పెళ్ళ తిప్పింది. లోపల నున్నటి గది, అందులో ఒక పొడుగుముక్కు. వేలితో ముట్టుకుంటే కాలు కదిపింది.

ఒలింపియాదాను పిలిచి చూపించింది. "ఇదెక్కడిదమ్మగారూ? ఇక్కడ దీనికి తిండెక్కడుంది?"

"తినలేదు. నిరుడు వసంతంలో లేవలేదు, ఈ వసంతంలోనూ లేవలేదు. పడుకునే ఉంది, అంతే. వందలో కొన్ని అలా చేస్తాయి. నిరుడు బయట ఏమీ దొరకదని తెలిసినట్టు."

ఉస్తీనా పార నేలకు ఆనించి ఆ పురుగునే చూస్తూ కూర్చుంది. రెండు చలికాలాలు. ఒక ఊరు ఊరంతా ఆకలితో అల్లాడిన ఏడాదిని ఇది మట్టి కింద నిద్రపోయి దాటేసింది. తనకు కలిగింది కోపమో, ఈర్ష్యో, మరేదో ఆమెకే తెలియలేదు.

"ఎన్ని?" అంది ఒలింపియాదా, పుస్తకం తెరిచి.

"ఒకటి," అంది ఉస్తీనా. అని, పెళ్ళలో మిగిలిన మట్టిని మళ్ళీ నలపడం మొదలుపెట్టింది.